గాలి తగలని నెత్తురు

భద్రకాళమ్మకు మనసులో ఒక దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? నేనూ పెట్టుకున్నాను. ఇక వినండి.

వరంగల్లు కొత్తవాడలో కట్టయ్య అని ఒక రంగులాయన ఉండేవాడు. జంపఖానాలు నేసే మగ్గాలకు నూలుకు రంగు అద్ది ఇవ్వడం ఆయన పని. డెబ్బయ్యవ దశకం నడిమి మాట. అప్పట్లో ఆ వాడలో అడుగు పెడితే ముందు మగ్గాల చప్పుడు చెవిన పడేది. తరువాత ఉడికే రంగుల వాసన. ఆ తరువాత దండేల మీద ఆరేసిన నూలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఎటు చూస్తే అటు. ఒక్కో ఇంటి ముందు మురికి కాలువ ఒక్కో రంగులో పారేది. కట్టయ్య ఇంటి ముందు మాత్రం ఎప్పుడూ నీలమే. నీలం అద్దడంలో ఆయన చేతికి ఎదురులేదు.

ఆ నీలానికి ఒక చిత్రమైన గుణముంది. రంగు కలిపిన గోలెంలోంచి తీసినప్పుడు నూలు నీలంగా ఉండదు. పసిరి రంగులో, లేత గడ్డి నానబెట్టినట్టు ఉంటుంది. గాలి తగలాలి. తగిలిందా, మన కళ్ల ముందే నీలంగా తిరిగిపోతుంది. పసివాడిగా ఉన్నప్పటినుంచీ చూస్తున్నా కట్టయ్యకు అది అమ్మవారి లీలలాగే ఉండేది. లోపల ఒక రంగు, గాలి తగిలితే ఇంకో రంగు.

అక్కడే ఆయన మనసులో ఒక పొరపాటు మొలిచింది.

కట్టయ్య నాయిన కూడా ఆ గోలెం దగ్గరే బతికినవాడు. ఊపిరి అందక పోయాడు. పోయేముందు ఆయన పెదవులు, గోళ్లు నీలంగా మారాయి. ఊపిరాడని మనిషికి అట్లా అవుతుందని మనకు తెలుసు. ఆ కొడుకుకు ఎవరు చెప్పాలి? తండ్రి చేతిని తన చేతిలో పెట్టుకొని చూశాడు. గోళ్లు నీలం. తోలు కింద నరాలు నీలం. తన ముంజేయి తిప్పి చూసుకున్నాడు. అక్కడా నీలం గీతలే, మోచేతి మడత దాకా పాకి ఉన్నాయి.

'రంగు లోపలికి పోయింది' అనుకున్నాడు. 'గోళ్లలోంచి ఎక్కి నెత్తుట్లో కలిసింది.'

మరి చెయ్యి తెగితే ఎర్రగా వస్తుంది కదా అంటారా? దానికీ ఆయన దగ్గర జవాబుంది. గాలి తగిలింది కాబట్టి ఎర్రగా తిరిగింది. గోలెంలోని నూలు తిరగడం లేదా?

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పెళ్లాం పూలమ్మకు కూడా చెప్పలేదు. ఆమె కడుపుతో ఉన్న నెలలన్నీ చేతులకు సున్నం రుద్దుకున్నాడు, కిరోసిన్‌తో కడుక్కున్నాడు. అయినా ఆమె కడుపు మీద ఒక్కసారి చెయ్యి వేయలేదు.

"ఏందయ్యా, కడుపుల ఉన్నది నీ బిడ్డనే గదా. జర చెయ్యి పెట్టి సూడు, ఎట్ల తన్నుతాందో."

"వద్దు పూలా. నా చేతులు మంచియి గావు."

"మరి నా మెడల పుస్తె దేనితోని కట్టినవ్? కాళ్లతోనా?"

అని పకపకా నవ్వేది పూలమ్మ. ఆయన నవ్వేవాడు కాదు.

ఆషాఢంలో, ముసురు పట్టిన వారంలో ఆమెకు నొప్పులొచ్చాయి. హన్మకొండ పోయే తొవ్వలో, ఇప్పుడు లేదులెండి, పాత బంగళా ఒకదాన్ని కాన్పుల దవాఖానగా మార్చి నడిపేవారు. రిక్షాలో అక్కడికి తీసుకుపోయారు. తెల్లవారుతుండగా ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారనుకున్నారు. పూలమ్మ తల్లి మొగిలమ్మ కొంగుముడి విప్పి ఆయాకు బెల్లం కూడా పెట్టింది.

మధ్యాహ్నానికి నెత్తురు మొదలైంది. ఆగలేదు.

బయట వాన. లోపల కరెంటు పోయింది. పట్టపగలే మబ్బు ఎంత కమ్ముకుందంటే, వార్డులో మనిషికి మనిషి నీడలాగా కనిపిస్తున్నాడు. మంచం కింద పెట్టిన బేసిన్‌లో చుక్క పడ్డ చప్పుడు. మళ్లీ చుక్క. పచ్చి ఇనుము వాసన. పూలమ్మ ముఖం ఉతికిన గుడ్డలా తెల్లబడింది.

డాక్టరు శకుంతలమ్మ పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి దాకా వినిపిస్తుంది. మొగిలమ్మదీ కట్టయ్యదీ నెత్తురు తీసి పరీక్ష చేసింది. సూది గుచ్చినప్పుడు కట్టయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మొగిలమ్మది కలవలేదు. కట్టయ్యది కలిసింది.

"దేవుడు మంచిగ చూసిండు కట్టయ్యా. నడు, తొందరగ తీస్కోవాలె."

కట్టయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వేరే వాళ్లది చూడండమ్మా."

"వేరే వాళ్లు ఎక్కడున్నరయ్యా? కల్వర్టు మునిగింది. ఫోను పలుకుత లేదు. ఉన్నది నువ్వొక్కనివే."

మొగిలమ్మ పసిపిల్లను ఒళ్లో పెట్టుకొని గోడకు కూలబడి ఉంది. అక్కడినుంచే అరిచింది. "ఏందిరో అల్లుడా! సూదికి భయమా? నా బిడ్డ సస్తాంది గదరా! ఇంత నెత్తురు ఇయ్యనోనివి ఎందుకు చేసుకున్నవ్‌రా దాన్ని?"

కట్టయ్య చేతులు ముందుకు తెచ్చి, కిటికీ వెలుతురులో ముంజేయి చూపించాడు. "చూడండమ్మా. నాది నీలం. ఇది ఎక్కిస్తే అది బతుకది." తండ్రి గోళ్ల సంగతి, గోలెం సంగతి, గాలి సంగతి అంతా గడగడా చెప్పేశాడు. చెబుతూ ఏడ్చాడు.

శకుంతలమ్మ తిట్టబోయి ఆగింది. తన చీర కుచ్చిళ్లు నెత్తుటితో తడిసి ఉన్నాయి. అయినా ఆగింది. తన ముంజేయి ఆయన చేతి పక్కన పెట్టింది.

"నాకు గూడ ఉన్నై, చూడు. నేను ఏ గోలెంల మునిగిన? అందరికీ ఉంటై కట్టయ్యా. లోపల నెత్తురు ఎప్పుడూ ఎరుపే. నరంల కొంచెం ముదురు ఎరుపు, అంతే. తోలు మీద వెలుతురు పడితె అండ్ల ఎర్రది లోతుకు పోయి నెత్తుట్ల ఇంకిపోతది. నీలం అంత లోతుకు పోకముందే మళ్లొస్తది. మళ్లొచ్చిందే మన కంటికి అందుతది. తోలు ఒక తెర. తెర అడ్డముండబట్టే నీలం. తెర లేకుంటే ఎరుపే. తెలిసిందా?"

తల ఊపాడు. తలకు తెలిసింది. గుండెకు తెలియలేదు.

"వరండ చివరి గది. పోయి బల్ల మీద పడుకో. నర్సును పంపుత."

కట్టయ్య నడిచాడు. పొడుగాటి వరండా. ఒక పక్క వాన తెరలు తెరలుగా పడుతోంది. కాలి కింద గచ్చు చల్లగా, జిగటగా ఉంది. 'తల్లీ, నువ్వే దిక్కు. డాక్టరమ్మ చెప్పింది నిజం చెయ్యి' అని మొక్కుకుంటూ నడిచాడు. వెనక మొగిలమ్మ ఏడుపు సన్నబడింది. వాన చప్పుడు కూడా సన్నబడింది. అది ఎందుకు సన్నబడిందో ఆయన ఆలోచించలేదు.

గది తలుపు తెరిచే ఉంది. స్పిరిటు వాసన. తడిసిన సున్నం వాసన. వాటి కింద ఇంకేదో తీయటి వాసన... పూలు కుళ్లినట్టు. ఎత్తయిన బల్ల. ఇనుప కడ్డీకి వేలాడుతున్న ఖాళీ గాజు సీసా. రబ్బరు గొట్టం. ట్రేలో గాజు సిరంజి.

కిటికీ దగ్గర నర్సు నిలబడి ఉంది. తెల్ల చీర. వీపు ఇటు.

"వచ్చినవా?" అంది. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, చెవిలోనే అన్నట్టుంది.

కట్టయ్య బల్ల మీద పడుకున్నాడు. ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంది. చలికాలం తెల్లవారుజామున గోలెంలో చెయ్యి పెడితే ఎముక దాకా ఎట్లా పాకుతుందో, అంత చల్లదనం. ఆయన చేతి మీద ఒక్కో గీతనూ వేలితో రాస్తూ చాలాసేపు చూసింది.

"నీలంగనే ఉన్నై," అంది.

కట్టయ్య బల్ల మీద సగం లేచాడు. "డాక్టరమ్మ ఎరుపే అన్నది గదా..."

"ధైర్యానికి అట్ల చెప్తరు. నీకు తెల్వదా? మీ నాయిన గోళ్లు చూసినవ్ గదా."

అయ్యలారా, ఎన్నో ఏళ్లుగా ఒక భయాన్ని ఒంటరిగా మోసేవాడికి 'అవును, నీ భయం నిజమే' అనే మనిషి దొరికితే ఎట్లా ఉంటుందో తెలుసా? భయం పెరుగుతుంది. దానితోపాటు ఒక హాయి కూడా ఉంటుంది. ఆ హాయిలోనే కట్టయ్య అడగవలసిన మాట అడగడం మరిచిపోయాడు. తన నాయిన గోళ్ల సంగతి ఈమెకు ఎవరు చెప్పారు?

"మరి నా పూల ఎట్ల బతుకుతది సిస్టరమ్మా?"

"ఇంకొకరిది ఉన్నది," అని గుసగుసగా అంది. "మంచిది. కొత్తది. ఏ రంగూ అంటనిది. తీస్కోనా?"

"ఎవరిది?"

ఆమె వేలు మోచేతి మడత దగ్గర ఆగింది.

"వాళ్లకేమన్న ఐతదా?"

ఆమె వంగింది. "నీ నోటితోని అను. నువ్వంటేనే తీస్కుంట."

అప్పుడు వరండా అవతలినుంచి మొగిలమ్మ కేక వచ్చింది. "అయ్యో నా పూలా... కండ్లు తెరువవే..."

కట్టయ్య ఇంకేమీ ఆలోచించలేదు. "తీస్కో. ఎవరిదైన సరే. తీస్కో సిస్టరమ్మా!"

ఆమె సీసా అందుకోవడానికి చెయ్యి పైకెత్తింది. చీర కొంగు జారింది. మెరుపు మెరిసింది.

ఆమె ముంజేతి మీద నరాలు కనిపించాయి.

ఎరుపు.

దారం దారంగా, తడి ఎరుపు. మణికట్టు నుంచి మోచేతి దాకా... ఒక్క గీత కూడా నీలం లేదు. కట్టయ్యకు మొదట ఏమీ అర్థం కాలేదు. తరువాత డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. తోలు ఒక తెర. తెర లేకుంటే...

తెర లేదు. ఆ చేతి మీద తెర లేదు.

మెరుపు ఆరిపోయింది. చీకటి. బట్ట నేలమీద ఈడుస్తున్న చప్పుడు... తలుపు దాకా... తలుపు దాటి...

"వద్దు!" కట్టయ్య అరిచాడు. "వద్దు, నాదే తీస్కో! నా మాట ఎనకకు తీస్కుంటున్న!"

కడ్డీకి సీసా లేదు.

తడుముకుంటే చేతికి సిరంజి తగిలింది. కట్టయ్యకు సూదులు తెలియవు. కానీ ఆ క్షణంలో ఆయనకు ఒక్కటే కావాలి. మోచేతి మడతలో లావుపాటి నీలం గీత చూసుకొని సూది దించాడు. వెనక్కి లాగాడు. కిటికీ దగ్గరికి పోయి గాజును వెలుతురుకు పెట్టాడు.

లోపల గాలి లేదు. బుడగ కూడా లేదు. గాజు నిండా నెత్తురు. ఎండి నల్లబడ్డ మిరపకాయ రంగు. ముదురే. కానీ ఎరుపు.

గాలి తగలకుండానే ఎరుపు.

"ఎర్రగున్నదే..." అన్నాడు. "ఎర్రగనే ఉన్నదే తల్లీ..." తల గోడకేసి బాదుకున్నాడు. చేతినుంచి కారుతుండగానే వరండాలో పరుగెత్తాడు. జారిపడ్డాడు. లేచి మళ్లీ పరుగెత్తాడు.

వార్డులో పూలమ్మ మంచం పక్కన కడ్డీకి సీసా వేలాడుతోంది. సగం పైన ఖాళీ అయింది. శకుంతలమ్మ మణికట్టు పట్టుకొని ఉంది. నర్సు రెండు చేతులతో పూలమ్మ పొత్తికడుపు అదిమి పట్టుకొని ఉంది.

"నాడి దొరికింది," అంది డాక్టరమ్మ, తల తిప్పకుండానే. "బతుకుతది కట్టయ్యా. ఇప్పుడైన నమ్మినవా? నీ నెత్తురు బంగారం."

"నేను ఇయ్యలేదమ్మా."

డాక్టరమ్మ తల తిప్పింది. ఆయన చేతిని, కారుతున్న నెత్తుటిని, పిడికిట్లో సిరంజిని చూసింది.

"మరి సీసా ఎవరు పంపిన్రు?"

మొగిలమ్మ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "సిస్టరమ్మ తెచ్చిచ్చె గద బిడ్డా. నా పక్కనే కూసున్నది గింత సేపు. నేనే నీ చేతికి అందిచ్చిన."

శకుంతలమ్మ మెల్లగా అంది. "ఉన్నది ఒక్క నర్సు. ఆమెను పంపుదామంటే పూలమ్మను ఇడువనీకి రాలేదు. పొద్దటి సంది నా పక్కనే ఉన్నది. సీసా చేతికి రాంగనే ఎక్కిచ్చిన, ఎవరు తీసిన్రని అడుగనే లేదు."

వాన పడుతోంది.

కట్టయ్య మొగిలమ్మ ఒడి వైపు చూశాడు. పాత చీర ముక్కలో చుట్టిన పిల్ల. పొద్దున్నుంచీ ఏడ్చిన పిల్ల, ఇప్పుడు గప్‌చుప్‌గా ఉంది.

"అత్తా... పిల్ల..."

"మంచిగనే ఉన్నది కొడుకా. గా సిస్టరమ్మ ఎత్తుకొని ఊపితే ఊకున్నది. చేతి వాటం మంచిది ఆమెది."

ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పుట్టిన ఆ బిడ్డను అంతవరకూ ముట్టుకోలేదు. రంగు అంటుతుందని. ఇప్పుడు చీర విప్పాడు. పిల్ల వెచ్చగా ఉంది. ఊపిరి ఆడుతోంది. కళ్లు తెరిచి నిదానంగా చూస్తోంది. ఎడమ మోచేతి మడతలో, గోరంత చోటులో, దూది ముక్క పెట్టి ప్లాస్టర్ అంటించి ఉంది.

దూదికి నెత్తుటి మరక లేదు. తెల్లగా ఉంది.

శకుంతలమ్మ లాంతరు తెచ్చింది. ప్లాస్టర్ తీసి చూసింది. సూది గుర్తు. పిల్ల గుండె మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది. "కొట్టుకుంటాంది," అంది. మళ్లీ విన్నది. "మంచిగనే కొట్టుకుంటాంది. కానీ ఇంత పిల్ల ఒంట్ల మొత్తం తీసినా ఆ సీసా నిండదు కట్టయ్యా. అసలు మొత్తం తీస్తే..." ఆగిపోయింది.

"డాక్టరమ్మా!" నర్సు కేక వేసింది. "నాడి మళ్ల పడిపోతాంది!"

సీసా అడుగంటింది. పూలమ్మ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. శకుంతలమ్మ ఒక్క ఉదుటున మంచం దగ్గరికి పోయింది. "ఇంకో సీసా కావాలె. ఇప్పుడే."

"నాది!" కట్టయ్య చెయ్యి చాపాడు. "ఈడనే తీస్కోండి, మీ చేత్తోని తీస్కోండి. ఎంత కావాలంటే అంత. నాది ఎరుపేనమ్మా, నేను చూసిన, నాది ఎరుపే!"

డాక్టరమ్మ ఆయన జబ్బకు రబ్బరు తాడు బిగించింది. లాంతరు దగ్గరికి జరిపింది. వేలితో మోచేతి మడత తట్టింది. మళ్లీ తట్టింది. రెండో చెయ్యి చూసింది.

"నరం దొరుకుత లేదు."

కట్టయ్య వంగి చూసుకున్నాడు. ఎన్నేళ్లుగానో తను భయపడ్డ ఆ నీలం గీతలు... ఒక్కటీ లేదు. మణికట్టు దగ్గర లేదు. మడతలో లేదు. చెయ్యి అంతా చదునుగా, కొత్తగా ఉతికిన గుడ్డలాగా ఉంది. సూది గుచ్చుకున్న చోట కారడం కూడా ఎప్పుడో ఆగిపోయింది. 'ఒక్కటి కనిపించు తల్లీ. ఒక్క నీలం గీత కనిపించు.' పిడికిలి బిగించి, విప్పి, బిగించి, పళ్లతో తాడు లాగి... "ఆగండమ్మా, వస్తది, జర ఆగండి..."

అప్పుడు వరండా చివరనుంచి, చెవిలోనే అన్నంత మెత్తగా, ఒక గొంతు.

"తెస్తున్ననమ్మా..."

బట్ట ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. మెల్లగా... ఇటే...

కట్టయ్య పిల్లను లాక్కొని గుండెకు అదుముకున్నాడు. చీరముక్కను చుట్టూ బిగించాడు. రెండు చేతులతో, వీపుతో, ఉన్న ఒళ్లంతా పెట్టి దాన్ని కప్పేశాడు.

ఆ బిగుతులోంచే పిల్ల తన కుడి చేతిని మెల్లగా బయటికి తీసుకుంది. పుట్టి ఒక్క పూట కాని పిల్ల. ఆ చేతిని తిన్నగా చాపింది. అరచెయ్యి పైకి తిప్పింది. పిడికిలి బిగించింది.

కదలకుండా పట్టుకొని, తలుపు వైపు చూస్తూ ఉంది.